మా ఆవిడ డిప్లొమా, నా ఎం.ఫిల్.

జమ్మలమడుగులో మా ఇంటి గేటు పక్కన గోడకు ఒక నల్లబండ బిగించి ఉంటుంది. కడప రాయి. మా వైపు నేలకూ, అరుగుకూ, మెట్లకూ, ఆఖరికి సమాధికీ అదే రాయి కాబట్టి పేర్లు చెక్కించడానికి ఇంకో రాయి గురించి ఎవరూ ఆలోచించరు. దాని మీద పైన మా నాయన పేరు, పక్కన బి.ఏ., బి.ఇడి. అని ఉండేది. కింద నా పేరు, పక్కన ఎం.ఏ., ఎం.ఫిల్. నాకు పెళ్లయినాక మూడో వరుస వస్తుందని నేను అనుకున్నాను. రాలేదు. మా ఆవిడ చదివింది బి.ఏ., ఆపైన పర్సొనెల్ మేనేజ్‌మెంటులో డిప్లొమా. ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్నారే, అదే. మా నాయన లెక్కలో డిప్లొమా అనేది గోడకెక్కే చదువు కాదు.

ఆయన కోపంతో అలా అనుకోలేదు. మాది మిషన్ బడుల్లో చదువుకుని, మళ్లీ అవే బడుల్లో చదువు చెప్పిన వంశం. మా చుట్టుపక్కల కొందరికి పొలాలుండేవి, కొందరికి పొలాలతో పాటు కక్షలుండేవి. మాకు రెండూ లేకపోవడంతో సర్టిఫికెట్లు కూడబెట్టుకున్నాం. పెళ్లి ప్రకటన చర్చిలో చదివేటప్పుడు మా పాస్టరు అయ్యగారు పేర్ల మీద కంటే డిగ్రీల మీదే ఎక్కువసేపు నిలిచేవాడు. నా ఎం.ఫిల్. దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ ఒకసారి చదివాడు. మా ఆవిడ డిప్లొమా దగ్గర ఆగలేదు. ప్రార్థన అయినాక బయట ఒక పెద్దామె అది కాంపౌండరు కోర్సు అనుకుని మా ఆవిడకు తన మోకాలి నొప్పి సంగతంతా చెప్పుకుంది. మా ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా విని, వేడినీళ్ల కాపడం పెట్టుకోమంది. వినడం ఆమె సిలబసులో ఉందని నాకు అప్పటికి తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆమె పాత ప్రశ్నపత్రాలు తిరగేశాను. మా ఎం.ఏ. ప్రశ్నలన్నీ 'విమర్శనాత్మకంగా పరిశీలించుము' అని ముగుస్తాయి. పది ఇచ్చి ఐదు రాయమంటారు. మిగతా ఐదు ప్రపంచంలో లేవనుకోవచ్చు. ఆమె పత్రంలో ఒక ప్రశ్న ఇలా ఉంది: ఒక కార్మికుడు వరుసగా కొన్నిరోజులు ఆలస్యంగా వచ్చాడు, అధికారిగా నీవు మొదట ఏమి చేస్తావు? నేను క్రమశిక్షణ అనే భావన పుట్టుక నుంచి మొదలుపెట్టి పావుగంట జవాబు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ మొత్తం విన్నది. సరైన జవాబు ఏమిటని నేనే అడగాల్సి వచ్చింది.

"ఎందుకు ఆలస్యమైందని అతన్నే అడుగుతాను" అంది.

ఇంత చిన్న జవాబుకు మార్కులు ఎలా వేస్తారో నాకు అర్థం కాలేదు.

నా ఎం.ఫిల్. గురించి కూడా చెప్పాలి, లేకపోతే దానికి అన్యాయం జరుగుతుంది. మా జిల్లా పల్లె రాజకీయాల్లో వర్గాల గురించి నేను సిద్ధాంత గ్రంథం సమర్పించాను. ఆ యేళ్లలో మా వైపు ఆ విషయానికి కొదవ లేదు. ప్రతి ఊళ్లో రెండు వర్గాలు, ప్రతి వర్గానికి ఒక పార్టీ. ఎన్నికల్లో పార్టీ మారితే వర్గం కూడా మారుతుందనుకునేవాళ్లు బయటివాళ్లు. వర్గం ఎక్కడిదక్కడే ఉండేది, జెండా మాత్రమే మారేది. ఇదంతా వివరంగా రాశాను. అయితే నేను చూసింది తక్కువ. ఒకసారి చెన్నూరు దగ్గర మేం పోతున్న బస్సు టైరు పేలింది. బాంబు అనుకుని అందరూ వంగారు. అందరికంటే ముందు సీటు కింద పడుకున్నవాడు మాత్రం ఆ విషయం మీద పరిశోధన చేసినవాడే.

అంత చదివినందుకు నాకు పులివెందులలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైం లెక్చరరు ఉద్యోగం దొరికింది. మా ఆవిడకు ప్రొద్దుటూరు బయట ఒక స్పిన్నింగు మిల్లులో ఉద్యోగం వచ్చింది. సంక్షేమాధికారి. అంత పెద్ద మిల్లుకు అలాంటి అధికారి ఉండి తీరాలని చట్టం. ఆ అధికారికి ఫలానా డిప్లొమా ఉండాలని కూడా అదే చట్టం. ఎం.ఏ. సరిపోతుందని చట్టంలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చూశాను.

మిల్లు యజమాని ప్రొద్దుటూరు షావుకారు. ముందు నుంచీ బట్టల వ్యాపారం, తర్వాత నూలు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ కాలంలో వ్యాపారం చేసేవాడికి అది తెలివిగానే చెలామణి అయ్యేది. మొదటి రోజే ఆయన మా ఆవిడకు సంగతి తేల్చి చెప్పాడు.

"అమ్మా, నీ సదువేందో నాకు తెల్దు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నువ్వు కుర్చీలో ఉంటే సాలు. ఆరు నెలలు సూస్తాం. గలాటా ల్యాకుండా గడిస్తే ఉంటావు. గలాటా అయిందా, నీ దోవ నీది."

ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. ఒక పార్టీ నాయకుడు అదే ఉద్యోగం తన అల్లునికి ఇమ్మని అప్పటికే చెప్పి పంపించాడు. అల్లుడు డబుల్ ఎం.ఏ. డిప్లొమా లేకపోతేనేం, తర్వాత పోస్టు ద్వారా చదివి పరీక్ష కడతాడు, ఇన్‌స్పెక్టరుతో తాను మాట్లాడతాను అన్నాడట నాయకుడు. షావుకారు కాదనలేదు, ఔననలేదు, ఆరు నెలలు గడువు పెట్టుకున్నాడు. ఆ ఆరు నెలల్లో మిల్లులో ఏ చిన్న గొడవ జరిగినా మా ఆవిడ ఇంటికి, డబుల్ ఎం.ఏ. కుర్చీలోకి.

మొదటి గొడవ మా ఆవిడే తెచ్చిపెట్టింది. పుస్తకంలో ఉన్నట్టుగా ఫిర్యాదుల పెట్టె ఒకటి చేయించింది. మంచి టేకు పెట్టె. పైన చీలిక, కింద తాళం, ఎర్రరంగు. సాయంకాలం వాచ్‌మన్‌కు చెప్పి గేటు దగ్గర బిగించి ఇంటికి వచ్చింది. పొద్దున వాచ్‌మన్ మారాడు. వచ్చినవాడికి ఆ పెట్టె సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి షిఫ్టు బస్సు దిగిన జనం ఎర్ర పెట్టెను చూశారు, దాని తాళం చూశారు, రోడ్డు అవతలికి పోయి నిలబడ్డారు. మా జిల్లాలో ఆ యేళ్లలో ఎవరిదో తెలియని పెట్టెను ముట్టుకునేవాళ్లు లేరు. నేను ఆ పూట ఆమెను దింపడానికి పోయి ఉన్నాను. పోలీసులొచ్చారు. ఒక కానిస్టేబుల్ పొడవాటి వెదురుకర్ర చివర కొక్కెం కట్టి, చెట్టు చాటు నుంచి పెట్టెను గోడ మీంచి పడేశాడు. తాళం ఊడింది. లోపల ఏమీ లేదు. ఫిర్యాదు కూడా లేదు.

ఒక షిఫ్టు పోయింది. షావుకారు మా ఆవిడను కేకలెయ్యలేదు, ఇట్లాంటిది ఇంకొక్కటి జరిగితే తన చేతుల్లో ఏమీ ఉండదని మెల్లగా చెప్పాడు. ఆయన మెల్లగా మాట్లాడితే విషయం తీవ్రమైనదని అర్థం. ఆ పెట్టె మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు అందులో ఉల్లిగడ్డలు పోసుకుంటున్నాం.

ఆ రోజు నేను ఆమెకు నా పరిశోధన వెలుగులో జరిగిందంతా విశ్లేషించి చెప్పాను. ఆమె నన్ను ఆపి ఒక్కటే అడిగింది. పెట్టె బాంబు కాదని తెలిసినాక కూడా అందులో ఎవరైనా చీటీ వేసేవాళ్లా? ఆలోచించి, వేయరన్నాను. మా వైపు ఫిర్యాదు చేయడమంటే ఒక పక్షం తీసుకోవడమే. ఫలానావాడు ఆఫీసుకు పోయి వచ్చాడట అని తెలిస్తే చాలు, ఎవరి మీద చెప్పాడో ఊళ్లో నిర్ణయమైపోతుంది.

"అయితే పోయినవాళ్లు ఎవరో తెలియకూడదు" అంది. కాసేపయ్యాక, "లేకపోతే అందరూ పోవాలి" అంది.

తర్వాత వారం నుంచి మిల్లులో కొత్త పద్ధతి మొదలైంది. టోకెన్ నంబరు వరుసన ప్రతి మనిషీ ఆమె గదికి రావాలి, కూర్చోవాలి. చెప్పేదేమైనా ఉంటే చెప్పాలి, లేకపోతే ఊరకే కూర్చుని పోవాలి. తలుపు తీసే ఉంటుంది, లోపల ఎవరున్నారో అందరికీ కనిపిస్తుంది, మాట మాత్రం వినపడదు. చెప్పేవాడూ అంతసేపే, చెప్పనివాడూ అంతసేపే. అప్పుడు ఎవడు ఏం చెప్పాడో ఎవడూ చెప్పలేడు. మేస్త్రీలకూ అదే రూలు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకం చదివిన మనిషే కనిపెట్టింది కాబట్టి డిప్లొమా ఖాతాలోనే వేస్తాను.

మొదట్లో వాళ్లు వానల గురించి మాట్లాడారు. వానలు లేకపోవడం గురించి ఇంకొంచెం ఎక్కువ మాట్లాడారు. ఒకాయన తనకు కేటాయించిన సమయమంతా మౌనంగా ఫ్యాను వైపు చూసి, నమస్కారం పెట్టి పోయాడట. మా ఆవిడ ప్రతినమస్కారం పెట్టింది. రెండు నెలలు గడిచేసరికి బస్సు ఆలస్యం గురించి, క్యాంటీను సాంబారు గురించి, మరుగుదొడ్డి తలుపు గురించి మాటలు రావడం మొదలైంది. తలుపు వచ్చింది. సాంబారు సంగతి ఎవరి చేతిలోనూ లేదు.

ఆ రోజుల్లోనే ఆమె నా ఎం.ఫిల్. గ్రంథం అడిగి తీసుకుని చదివింది. నా గైడు తర్వాత దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఆమే, గైడు విషయంలో కూడా నాకు అనుమానముంది. పెన్సిల్‌తో ఒకే ఒక వాక్యం కింద గీత గీసింది. రాజీ అంటే ఇద్దరూ ఒప్పుకోవడం కాదు, ఇద్దరిలో ఎవరూ ఓడినట్టు కనపడకపోవడం అనే వాక్యం. అది నాది కూడా కాదు. పెద్దముడియం దగ్గర టీ కొట్టులో ఒక ముసలాయన చెబితే రాసుకున్నది. అంత లావు పుస్తకంలో పనికొచ్చే మాట ఒక్కటేనా అని అడిగాను. ఒక్కటి చాలు కదా అంది. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఆరో నెలలో అసలు గొడవ జరిగింది. ఎండలు ముదిరిన రోజులు. మధ్యాహ్నం షిఫ్టులో ఇద్దరు కొట్టుకున్నారు. ఒకాయనది పెద్దముడియం వైపు పల్లె. రెండో ఆయనది పులివెందుల అవతలి పల్లె. పులివెందుల వైపు ఆయన దారం చుట్టే బాబిన్ల తట్టతో పెద్దముడియం వైపు ఆయన తల మీద కొట్టాడు, ఈయన ఆయన పళ్లు కదిలించాడు. తలకు కుట్లు పడ్డాయి. ఇద్దరి ఊళ్లవీ వేర్వేరు పార్టీలు. తెల్లారేసరికి మిల్లులో జరిగింది మిల్లుది కాకుండా పోయింది. పెద్దముడియం వైపు మనిషిని ఉద్యోగం నుంచి తీసేయాలని ఒక పార్టీ కబురు. పులివెందుల వైపు మనిషిని తీసేయాలని ఇంకో పార్టీ కబురు. మొదటి కబురు పంపిన నాయకుడే డబుల్ ఎం.ఏ. మామ.

నేను పులివెందులలో ఉండి ఈ వార్త వింటే, మా స్టాఫ్ రూములో అప్పటికే దానికి కారణాలు తేలిపోయి ఉన్నాయి. పాత పంచాయితీ ఎన్నికల పగ అని ఒకరు, పెన్న అవతలి భూముల తగాదా అని ఇంకొకరు. నేను కూడా నా మూడో అధ్యాయం ఆధారంగా ఒక కారణం చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు.

షావుకారు మా ఆవిడను పిలిచి, ఇద్దర్నీ తీసేస్తే ఇద్దరు నాయకులకూ కోపం వస్తుంది, ఒకర్ని తీసేస్తే ఒకరికే వస్తుంది, కాబట్టి బలం ఎవరికి ఎక్కువో చూసి ఒకర్ని తీసేద్దామన్నాడు. ఆయన అది లెక్కగానే చెప్పాడు, అన్యాయంగా కాదు. మా ఆవిడ విచారణ లేకుండా ఎవర్నీ తీసే వీల్లేదని, తీస్తే లేబర్ కోర్టులో నిలవదని చెప్పింది. కోర్టు మాట వినేసరికి షావుకారు మూడు రోజులు ఇచ్చాడు. నాలుగో రోజు ఇద్దరు నాయకుల మనుషులూ మిల్లుకు వస్తున్నారు, ఆ రోజు జరిగేదాన్ని బట్టే ఆమె ఉద్యోగం కూడా.

సాక్షుల్ని పిలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మేస్త్రీ అప్పటికే అడిగి చూశాడు. కొట్లాట సమయానికి ఆ వరుసలో పనిచేస్తున్నవాళ్లంతా మరుగుదొడ్డిలో ఉన్నామన్నారు. ఉన్నది ఒక్కటే, దానికి తలుపు కూడా కొత్తది. ఆమె సాక్షుల్ని పిలవలేదు. తన పాత పద్ధతిలోనే షిఫ్టు మొత్తాన్నీ టోకెన్ వరుసన పిలిచింది. ఎవరు కొట్టారని ఒక్కర్నీ అడగలేదు. ఆ రోజు నీ పని ఎట్లా నడిచిందని మాత్రం అడిగింది.

ఎవరు కొట్టారో చెప్పమంటే నోరు విప్పని మనిషి తన పని గురించి అడిగితే ఆగడు. అందరి మాటల్లోనూ ఒక ఫ్రేము, అంటే నూలు వడికే యంత్రం, వచ్చింది. పడమటి గోడ పక్కనున్న ఫ్రేము. మిల్లులో గాలిని తడిగా ఉంచే గొట్టం ఆ గోడ దాకా పోదు. మధ్యాహ్నం ఎండకు గోడ కాలి, అక్కడ గాలి ఎండిపోయి, దారం మాటిమాటికీ తెగుతుంది. తెగిన దారానికి మాటలు పడేది అక్కడ నిలబడినవాడు. అందుకని వారానికొకరు వంతులు వేసుకునేవాళ్లు. పెద్దముడియం వైపు మనిషి తన చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి పోయాడు. అతని వంతు కూడా పులివెందుల వైపు మనిషే మోశాడు. తిరిగి వచ్చినాయన నా వంతు వారం దాటిపోయింది కదా అన్నాడు. నీ వంతు నేను మోసినానప్పా, నా వంతు నువ్వు మొయ్యి అన్నాడు రెండో ఆయన. అంతే సంగతి. పాత ఎన్నికలూ లేవు, పెన్న అవతలి భూములూ లేవు. నా మూడో అధ్యాయం అసలే లేదు.

ఇది విని నేను కొంచెం నిరాశపడ్డాను. తెలిసిపోయింది కదా, రేపు ఆ నాయకుల మనుషులకు చెప్పేయమన్నాను.

"చెబితే నమ్మరు. నమ్మినా ఒప్పుకోరు" అంది.

నాలుగో రోజు నాకు క్లాసులు లేవు, ఉన్నా కాలేజీకి పోయి ఉండేవాణ్ని కాదు. మిల్లులో షావుకారు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండు పార్టీల నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఇద్దరూ ఒకే షాపులో గంజి పెట్టించినట్టు తెల్లటి బట్టల్లో ఉన్నారు. గదిలో ఎదురెదురుగా కూర్చోకుండా ఇద్దరూ గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేటట్టు కూర్చున్నారు. దాంతో షావుకారుకు వాళ్లిద్దరి పక్కముఖాలు తప్ప ఏమీ కనిపించలేదు.

పులివెందుల వైపు పార్టీ మనిషి మొదలుపెట్టాడు.

"మావోన్ని కొట్టినోన్ని ఇంగా పన్లో పెట్టుకోనుండారంటనే?"

"ఎవరప్పా కొట్టింది? తట్ట ఎత్తింది మీవోడే గదా" అన్నాడు రెండో ఆయన, అతని వైపు చూడకుండా షావుకారుతో.

షావుకారు మా ఆవిడ వైపు చూశాడు. మొదటి ఆయన కూడా అప్పుడే ఆమెను గమనించినట్టు చూశాడు.

"ఏమ్మా, ఇదంతా నువ్వే సూస్తాండావంటనే. ఏం సదివినావు?"

"డిప్లొమా అన్నా."

"మావోడు డబుల్ ఎం.ఏ. సదివి ఇంట్లో కూర్చోనుండాడు."

"మంచిదన్నా. ఆయన్ను కూడా పిల్చకొచ్చింటే బాగుండు. ఎట్లాగూ వచ్చినారు, మిల్లు ఒకసారి సూసి పోండి. మీవోళ్లు పనిచేసే తావు మీకు తెలియాల కదా."

కాదనడానికి అందులో ఏమీ లేదు. ఒకాయన లేచాడు కాబట్టి రెండో ఆయన కూడా లేచాడు, వెనకబడకూడదు కదా. వాళ్ల వెనక షావుకారు, షావుకారు వెనక నేను. మిల్లు లోపల ఫ్రేముల చప్పుడులో మనిషి మాట పక్కన మనిషికి వినపడాలంటే చెవిలో అరవాలి. కిటికీలన్నీ మూసి ఉంటాయి. మా ఆవిడ వాళ్లను వరుసన నడిపించుకుంటూ పోయి పడమటి గోడ పక్క ఫ్రేము దగ్గర ఆపింది. ఇద్దర్నీ గోడకూ ఫ్రేముకూ మధ్య ఉన్న సందులో నిలబెట్టింది. అది ఒక మనిషి నిలబడే సందు. తర్వాత అక్కడ పనిచేస్తున్నాయనను దారం తెగితే ఎట్లా అతికిస్తాడో వివరంగా చూపించమంది. ఆయన చూపించాడు. వెంటనే మళ్లీ తెగింది. మళ్లీ చూపించాడు. మా ఆవిడ ఏదో ప్రశ్న అడిగింది, ఆయన దానికి కూడా నిదానంగా జవాబు చెప్పాడు. మధ్యాహ్నం మూడు గంటలైంది. గోడ నుంచి వచ్చే సెగ షావుకారు వెనక నిలబడిన నాకే తగిలింది.

ఇద్దరి బట్టల మీదా దూది పింజెలు వాలాయి, చెమటకు అంటుకున్నాయి, మీసాల్లోకి కూడా పోయాయి. కొంతసేపటికి ఎవరు ఏ పార్టీనో బట్టల్ని బట్టి గానీ ముఖాల్ని బట్టి గానీ చెప్పడం కష్టమైపోయింది. ఒకాయన కండువాతో ముఖం తుడుచుకోబోతే కండువా కూడా దూదైపోయి ఉంది. ఇద్దరికీ బయటికి పోవాలని ఉంది. ముందు ఎవరు కదిలితే వాళ్లు తగ్గినట్టు. కాబట్టి ఇద్దరూ కదల్లేదు. చివరికి పులివెందుల వైపు ఆయన రెండో ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాడు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ సైగ చేసి ఆ చుట్టుపక్కల ఫ్రేములు ఆపించడంతో ఆ అరుపు మా అందరికీ వినపడింది.

"ఈడ నిలబడితే సొంత అన్నదమ్ములైనా కొట్టుకుంటారు గదప్పా."

"అదే నేను అనుకుంటాండా" అన్నాడు రెండో ఆయన.

మా ఆవిడ అప్పుడు మాట్లాడింది. వాళ్లు కొట్టుకున్నది కూడా ఇక్కడేనన్నా అంది. వంతు దగ్గర మాట పెరిగిందని, ఇద్దరి తప్పూ ఒకటేనని, ఇద్దరికీ ఒకే రకం హెచ్చరిక ఇస్తానని, ఊరి సంగతి ఒక్కరి నోట కూడా రాలేదని చెప్పింది. ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఇద్దరు పెద్దమనుషులూ ఆ గోడను ఒకసారి చూశారు. గోడ ఏ పార్టీదీ కాదు. గోడ వల్ల గొడవైతే ఏ ఊరూ తగ్గినట్టు కాదు.

బయటికి వచ్చాక ఇద్దరూ మజ్జిగ తాగారు. పోతూ పోతూ షావుకారునే తప్పుపట్టారు, అదీ ఒకే మాట మీద. నీ మిల్లులో మనుషుల్ని వేయించుతాండావా అన్నాడు ఒకాయన. గోడకు ఏదన్నా చెయ్యి శెట్టీ అన్నాడు ఇంకొకాయన. వాళ్లిద్దరూ ఒక పక్షాన నిలబడి మూడోవాడిని తిట్టడం ఆ యేళ్లలో మా జిల్లాలో అరుదైన దృశ్యం. నేను పరిశోధకుణ్ని కాబట్టి గుర్తించాను.

షావుకారు గోడ దాకా తడిగాలి గొట్టం పొడిగించాడు. గోడకు బయట పందిరి వేయించాడు. దారం తెగడం తగ్గింది, దానికి ఆయన సంతోషం దాచుకోలేకపోయాడు. ఆరో నెల గడిచిన మర్నాడు మా ఆవిడను పిలిచి, రేపట్నుంచి నీది పర్మనెంటు అని చెప్పి, ఆ గది బయట నీ బోర్డు పెట్టించుకో అన్నాడు. "డిప్లొమా అంటే ఏందోనని అనుకుంటి" అని మాత్రం అన్నాడు. ఆయన నోట అది పెద్ద ప్రసంగం.

డబుల్ ఎం.ఏ.కు తర్వాత మా కాలేజీలోనే లెక్చరరు ఉద్యోగం వచ్చింది. మంచివాడు, బాగా పాఠం చెబుతాడు. మామ పలుకుబడి గురించి ఆయనే అందరికంటే ఎక్కువ సిగ్గుపడేవాడు. ఒకరోజు బస్సులో పక్కన కూర్చుని, ఆ డిప్లొమాకు దరఖాస్తు ఎప్పుడు చేసుకోవాలో మీ ఇంట్లో కనుక్కుని చెబుతారా అని అడిగాడు. కనుక్కుని చెప్పాను.

ఇదంతా నేను ఇంట్లో చెప్పినా మా నాయన పెద్దగా పట్టించుకోలేదు. ఆయనకు నా మాటల్లో సగం ఎప్పుడూ పరిహాసంగానే వినిపిస్తాయి. తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, పెద్దముడియం వైపు మనిషి చిన్న సంచిలో వేరుశనక్కాయలు పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మిల్లు మేడం ఇల్లు యాడ సామీ అని అడిగాడు. ఇదే అన్నాడు మా నాయన. వచ్చినాయన నల్లబండ వైపు చూశాడు. చదువొచ్చినవాడు. పై వరుస చదివాడు, కింది వరుస చదివాడు.

"ఇది కాదేమో సామీ, ఆయమ్మ పేరు ల్యాదే" అన్నాడు.

మా నాయన ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. సాయంకాలం పులివెందుల వైపు మనిషి వచ్చాడు. ఇద్దరూ కలిసి రాలేదు, వ్యవహారం అంత దూరం పోలేదు. ఈయన కూడా గేటు దగ్గర ఆగి, బండను చదివి, వీధిలో ముందుకు పోయి, పక్కింట్లో అడిగి వెనక్కి వచ్చాడు. మా నాయన అరుగు మీద నుంచి అదంతా చూశాడు. జీవితమంతా పేర్లు పిలిచి హాజరు తీసిన మనిషి. హాజరైన మనిషి పేరు పట్టీలో లేకపోతే తప్పు ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మరుసటి వారం నేను పులివెందుల నుంచి వచ్చేసరికి గోడ దగ్గర రాళ్లు చెక్కేవాడు పని ముగించి సుత్తులు సర్దుకుంటున్నాడు. మా నాయన కొత్త బండ కొనలేదు. పాత బండనే ఊడదీసి, తిరగేసి, వెనకవైపు చెక్కించాడు. పైన మా ఆవిడ పేరు, పక్కన బి.ఏ., ఆ పక్కన డిప్లొమా పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా, కింద సంక్షేమాధికారి అని. పర్సొనెల్ మేనేజ్‌మెంటు అనేది తెలుగు అక్షరాల్లో చాలా స్థలం పట్టే చదువు. దాని కింద మా నాయన పేరు, డిగ్రీలతో సహా. అన్నిటికంటే కింద నా పేరు, పక్కన ఎం.ఏ. అంతటితో బండ అయిపోయింది.

నా ఎం.ఫిల్. ఏమైందని అడిగాను.

"సోటు సాల్లేదురా" అన్నాడు మా నాయన, బండ మీది పొడి తన కండువాతో తుడుస్తూ. "అయినా అది యాడికీ పోలేదు. ఎనకపక్క ఉంది."

నిజమే. గోడవైపు ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్లకు ఆ సంగతి నేనే చెబుతుంటాను, ముందు మా ఆవిడ పేరు పూర్తిగా చదవనిచ్చి.